నర్సన్న చేసిన మూడో సైకిల్

నాలుగేళ్ల కింద మా జిల్లా మాసపత్రికలో నా సైకిల్ రేసుల రోజుల గురించి ఒక జ్ఞాపకం రాశాను. అందులో ఒక వాక్యం ఇది: "వాలు రోడ్డు మీద ఉండగా ముందు ఫోర్కు అతుకు ఊడి పడ్డాను, భుజం ఎముక విరిగింది, నా రేసులు అంతటితో అయిపోయాయి." భుజం విరిగిన మాట నిజం. రేసులు అయిపోయిన మాట నిజం. ఫోర్కు ఊడలేదు.

ఊడింది ముందు చక్రం. రేసు కరీంనగర్‌లో. సిరిసిల్ల నుంచి సైకిల్‌ను బస్సు మీద వేసుకుపోయాను. పైన చోటు చాలక ముందు చక్రం విప్పాల్సి వచ్చింది. దిగాక చక్రాన్ని మళ్లీ పెట్టి, దాన్ని పట్టి ఉంచే రెండు రెక్కల నట్లను వేళ్లతో సగం తిప్పాను. అంతలో నంబరు బట్టలు పంచుతున్నారని ఎవరో కేక వేస్తే అటు పరుగెత్తాను. తిరిగొచ్చి నట్ల సంగతి చూడలేదు. అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. రాష్ట్ర జట్టులో చోటు దొరుకుతుందని వాడకట్టంతా చెప్పుకుంటున్న రోజులు. నట్లు బిగించడం మరిచానని చెప్పడానికి నోరు రాక, ఆసుపత్రి మంచం మీది నుంచే "ఫోర్కు మెడ కాడ అతుకు ఊడింది" అన్నాను.

ఆ ఫోర్కునూ ఆ సైకిల్‌నూ చేత్తో చేసిన మనిషి నర్సయ్య. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. ఆయన సాంచాలు బాగుచేసే మేస్త్రీ. హైదరాబాద్ పాత సామాన్ల బజారులో సన్నటి ఉక్కు పైపులు ఏరుకొచ్చి, ఇత్తడి కరిగించి అతికి, ఆకురాయితో రుద్ది, రేసు సైకిళ్లు చేసేవాడు. నాది ఆయన చేసిన మూడోది. నేను పడిన మూడో రోజు బత్తాయిలు పట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు.

"సైకిల్ యాడున్నది తమ్మీ? ఒక్కసారి చూస్త," అన్నాడు.

అప్పటికే దాన్ని నాకు తెలిసిన లారీ డ్రైవరు ఒకాయనకు ఇప్పించి, ఎక్కడన్నా దూరంగా అమ్ముకొమ్మని పంపేశాను. "పాత ఇనుములకు ఏసినమన్నా," అన్నాను. ఆయన, నాకంటే పద్దెనిమిదేళ్లు పెద్దవాడు, రెండు చేతులూ జోడించాడు. "నా చేతిల తప్పయింది. మాఫ్ చెయ్యి," అన్నాడు. నేను తల ఊపాను.

ఫోర్కు మాట విని, ఆయన చేసిన మొదటి రెండు సైకిళ్లవాళ్లూ వాటిని తెచ్చి ఆయన గుమ్మంలో వదిలిపోయారు. సగం చేసిన నాలుగోదాన్ని ఆయన రంపంతో ముక్కలు కోశాడని విన్నాను. ఆ ఏడాదే భార్యను తీసుకుని సూరత్ వెళ్లిపోయాడు. మా వైపు నుంచి సూరత్ పోయినవాళ్లు వేలమంది, కాబట్టి ఎందుకు పోయాడని ఎవరూ అడగలేదు.

ఇరవై ఏడేళ్ల తర్వాత నేనూ సూరత్ వెళ్లాను. ఆ ప్రయాణం గురించి ఇప్పుడు రాస్తున్నాను.

ఫోన్లో ఒక ఫొటో

లాక్‌డౌన్ రోజుల్లో అందరికీ ఏదో ఒక అలవాటు అంటింది. నాకు పాత సైకిళ్ల ప్రకటనలు చూడటం అంటింది. రెండో వేవ్ తగ్గాక వచ్చిన చలికాలంలో ఒక రోజు సూరత్ పక్కన కడోదరా నుంచి ఒక ప్రకటన కనబడింది. "పాత రేసింగ్ సైకిల్, నాలుగు వేలు." వెండి రంగు, వెనుక పెద్ద క్యారియర్, పక్కన స్టాండు, పాలవాళ్ల సైకిళ్లకుండే తిన్నటి హ్యాండిల్. చూస్తే రేసు సైకిల్ పోలికే లేదు. కానీ హ్యాండిల్ కింద, పైపులు కలిసేచోట తొడిగిన ఇనుప తొడుగుకు ఒక చిన్న కిటికీ కోసి ఉంది. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడె ఆకారం. అలాంటి కిటికీ కోసే మనిషిని నేను ఒక్కణ్నే ఎరుగుదును.

ఆ ఫొటో చూసి నాకు మొదట కలిగింది సంతోషం కాదు, భయం. ఫోర్కు విరగలేదని ఆ సైకిలే చెబుతుంది. తెలిసినవాడు ఎవడైనా చూస్తే అర్థమైపోతుంది. నేను టికెట్ కొన్నది నర్సన్నను వెతకడానికి కాదు. ఎవరికంటా పడకముందే దాన్ని తెచ్చి ఇంట్లో పెట్టుకుందామని. ఇదీ రాయాల్సిన మాటే కనుక రాశాను.

వరంగల్ నుంచి భుసావల్

రైల్లో దుప్పట్లు లేవు, భోజనం లేదు, రిజర్వేషన్ లేనివాళ్లకు చోటు లేదు. నా ఎదురు బెర్తులో బాలవ్వ అని జగిత్యాల వైపు ఆమె. సూరత్‌లో కొడుకు దగ్గరికి పోతోంది. సీటు కింద బియ్యం మూట, కారం డబ్బా, చింతపండు, ఇంకో రెండు మూటలు. మాస్కు గడ్డం కింద ఉండేది. టీసీ కనబడితే ముక్కు మీదికి ఎక్కేది, ఆయన దాటగానే దిగేది.

"ఏం పని మీద పోతున్నవ్ బిడ్డా?"

"మాది సిరిసిల్ల, సైకిల్ కొననీకి పోతున్న అవ్వా."

"సైకిల్ కొననీకి సూరత్ దాక పోతున్నవా? సిరిసిల్లల సైకిళ్లన్ని సచ్చినయా?"

పక్క బెర్తులవాళ్లు నవ్వారు. పాత సైకిల్ అన్నాను. "పాతదా!" అని ఇంకా ఎక్కువ జాలిపడి, మూట విప్పి సర్వపిండి ముక్క చేతిలో పెట్టింది. నువ్వులు, పల్లీలు, పచ్చిమిర్చి దండిగా వేసిన రొట్టె. మొదటి లాక్‌డౌన్లో కొడుకూ కోడలూ సూరత్‌లో చిక్కుకుపోతే రెండు నెలలు ఫోన్లోనే ఏడ్చిందట. "ఇప్పుడు వాండ్లే రమ్మన్నరు. ఆడ పప్పుల శక్కెర ఏస్తరు బిడ్డా. నేను పోకుంటె నా మనుమలు గదే పప్పనుకుంటరు," అంది.

పొద్దున భుసావల్‌లో అరటిపళ్లు కొన్నాను, డజను ముప్పై. మా ఊళ్లో దొరికేవాటికి రెండింతలున్నాయి. ఆమెకు సగం ఇచ్చాను. అవి తీసుకుని ఇంకో ముక్క సర్వపిండి ఇచ్చింది. రైలు సూరత్ చేరేసరికి మా ఇద్దరికీ ఆకలనేది లేదు.

సూరత్, తప్పుడు బస్సు

స్టేషన్ బయట మునిసిపాలిటీవాళ్లు బల్లలు వేసుకుని అందరి ముక్కుల్లో పుల్లలు పెడుతున్నారు. నా వంతు వచ్చినప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. పుల్ల పట్టుకున్నావిడ "బస్ కాకా, హో గయా" అని చిన్నపిల్లవాడిని ఊరడించినట్టు భుజం తట్టింది. మనుషులు మనుషులను తాకడం మానేసిన రోజులవి. ఆ చెయ్యి ఇంకా గుర్తుంది.

రోడ్డు దాటి ఒక బండి దగ్గర లోచో తిన్నాను. నానబెట్టిన శనగపప్పు రుబ్బి ఆవిరి మీద ఉడికించిన ముద్ద, దాని మీద నూనె, సేవు అనే సన్న కారప్పూస, ఉల్లిపాయ, కారప్పొడి. ప్లేటు నలభై. మన ఇడ్లీపిండి గట్టిపడకుండానే పళ్లెంలోకి దించితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది కానీ రుచి వేరు. రెండో ప్లేటు కూడా తిన్నాను.

మర్నాడు పొద్దున కడోదరా బస్సనుకుని హజీరా బస్సెక్కాను. కడోదరా తూర్పున, హజీరా పడమర సముద్రం వైపు. గంట తర్వాత పెద్ద పెద్ద పొగగొట్టాలూ వరసగా కంపెనీ బస్సులూ కనబడితే గాని సంగతి తెలియలేదు. ఒక గేటు దగ్గర కాపలా ఆయనను అడిగితే, నవ్వకుండా కుర్చీ చూపించి, తన ఫ్లాస్కులోని చాయ్ మూతలో పోసి ఇచ్చాడు. షిఫ్టువాళ్లను దింపి ఊళ్లోకి ఖాళీగా పోతున్న బస్సును ఆపి, "కాకా రాస్తా భూల్ గయే" అని నన్ను ఎక్కించాడు. డ్రైవరు డబ్బులు తీసుకోలేదు. దేశంలో సగం కంపెనీలను చూసొచ్చాను, అదీ ఊరికే.

కడోదరా: ఇద్దరి సైకిల్

ప్రకటన పెట్టింది సంధ్య అనే అమ్మాయి, ఇరవై రెండేళ్లు. కొరియర్ ఆఫీసులో పని. సైకిల్ ఆమె నాన్న ఎల్లయ్యది. ఎల్లయ్య మగ్గాల మీద పనిచేసే కారీగరు, మెట్‌పల్లి దగ్గరివాడు. ఇంటికి పోయేసరికి ఆయన నైట్ షిఫ్టు చేసి పడుకుని అప్పుడే లేచాడు.

"పప్పా, సైకిల్ వాలే అంకుల్ ఆ గయే," అంది సంధ్య. నా వైపు తిరిగి, "బేసో అంకుల్, కూసోండి. చాయ్ తాగుతరు గదా?" అంది. ఒక్క ఊపిరిలో మూడు భాషలు.

"గీ పిల్లకు ఏ భాష సక్కగ రాదు, అన్ని భాషల్ల కొట్లాడుడు మాత్రం వస్తది," అన్నాడు ఎల్లయ్య.

మన దగ్గర ముందు నీళ్లిస్తారు, తర్వాత చాయ్. అక్కడా నీళ్లిచ్చారు, కానీ చాయ్ సాసరులో పోసుకుని తాగాలి. నేను కప్పుతో తాగుతుంటే తండ్రీ కూతుళ్లు చాయ్ చల్లారనివ్వని నన్ను వింతగా చూశారు. సంధ్య ఒక కాగితం పొట్లం విప్పింది. పోంక్ అట. నోట్లో వేసుకోగానే గుర్తుపట్టాను. మన ఊసబియ్యమే, కాల్చి నలిపిన పచ్చి జొన్న. వీళ్లు సేవు, నిమ్మరసం, చిన్న చిన్న చక్కెర గుళికలు కలుపుకుంటారు. పావుకిలో నూటయాభై అని విని, చేను గట్టు మీద ఊరికే తిన్న ఊసబియ్యమంతా కళ్ల ముందు కదిలింది.

"మరి సైకిల్ ఎందుకు అమ్ముతున్నవన్నా?" అని అడిగాను.

"ఇది ఇద్దరి సైకిల్. నాకు ఒక్కనికి ఎక్కువైతుంది."

సూరత్ మగ్గాల్లో పన్నెండు గంటల షిఫ్టు. ఒక గదిలో ఒకే మంచం, ఇద్దరు మనుషులు. ఒకడు పనికి పోతే ఇంకొకడు పడుకుంటాడు. ఎల్లయ్యా, గంగారాం అనే ఆయన దోస్తూ సైకిల్ కూడా అలాగే వాడారు. పొద్దున ఏడింటికి ఎల్లయ్య మగ్గాల దగ్గర సైకిల్ దిగితే గంగారాం ఎక్కి గదికి పోయేవాడు. సాయంత్రం ఏడింటికి గంగారాం దిగితే ఎల్లయ్య ఎక్కేవాడు. సంధ్యను చంకనేసుకుని ఆమె తల్లి ఊరి నుంచి వచ్చి, ఎల్లయ్య వేరే ఇల్లు తీసుకున్నా సైకిల్ మాత్రం పంచుకున్నారు. మధ్యలో నూలు కోన్ల బస్తాలు, గుడ్డ చుట్టలు, గ్యాస్ బండలు, ఒకసారి కాలు బెణికిన గంగారామే, అన్నీ దాని మీదే. మొదటి లాక్‌డౌన్లో గంగారాం ఊరికి పోయి మళ్లీ రాలేదు. అక్కడే కూరగాయలు అమ్ముకుంటున్నాడు.

"ఇరవై ఏండ్లల్ల దీనికి ఒక్క ఛుట్టీ లేదు. మేము పండినప్పుడు గూడ ఇది పండలే," అన్నాడు ఎల్లయ్య. "ఇప్పుడు పొద్దంత గోడకు ఆనుకొని నా దిక్కే చూస్తున్నది. నాకే సిగ్గయితుంది."

ఎలా గుర్తుపట్టాను

సైకిల్ గోడ వారన ఉంది. పాత సైకిల్ చేత్తో చేసిందో ఫ్యాక్టరీదో తెలుసుకోవాలనుకునేవారి కోసం నేను చూసిన పద్ధతి చెబుతాను.

మొదట పై పైపు కింద రెండు వేళ్లు పెట్టి లేపాను. అంత పెద్ద క్యారియర్ ఉన్నా లేచింది. గోటితో కొడితే పలచగా, గంట మోగినట్టు మోగింది. తర్వాత సంధ్యను అడిగి బ్లేడు తీసుకుని, ఎవరికీ కనబడని చోట రంగు గీకాను. వెండి కింద మెరూన్, దాని కింద ఆకుపచ్చ, దాని కింద నీలం. సాంచాల షెడ్డు తలుపులకు వేయగా మిగిలిన నీలం అది. డబ్బా పట్టుకుంది నేనే.

మూడోది తొడుగుల మీది కిటికీలు. ఫ్యాక్టరీలో అచ్చు పోస్తారు కాబట్టి కుడిదీ ఎడమదీ ఒకేలా ఉంటాయి. ఇక్కడ ఎడమ కిటికీ కుడిదాని కంటే బియ్యపు గింజంత పెద్దది. నర్సన్న అది రుద్దుతున్నప్పుడు నేను పక్కన కూర్చుని ఏదో వాగుతుంటే, "నీ ముచ్చట్లతోని ఎక్కువ రుద్దిన తమ్మీ" అని కసిరాడు.

తర్వాత వంగి ఫోర్కు చూశాను. మెడ దగ్గర అతుకు చుట్టూ వేలు తిప్పాను. ఎక్కడా చీలిక లేదు, మళ్లీ అతికిన గుర్తు లేదు. ఆ రోజు పోసిన ఇత్తడి అలాగే ఉంది. చక్రం పట్టే కింది కొసలు మాత్రం ఒకవైపు అరిగి, ఎడమది విరిగితే మళ్లీ అతికి ఉంది. చక్రం ఊడి ఫోర్కు కొసలు రోడ్డు మీద ఈడ్చుకుపోతే ఎలా అరుగుతాయో సరిగ్గా అలా.

చివరికి సైకిల్‌ను తలకిందులు చేశాం. పెడళ్ల ఇరుసు తిరిగే గొట్టం కింద చుక్కలు చుక్కలుగా పొడిచిన 3 అంకె ఉంది. అది ఉంటుందని నాకు తెలుసు. దాని పక్కన ఉన్నది తెలియదు. తెలుగు అక్షరాల్లో, చుక్కలతోనే, "నర్సయ్య" అని ఉంది.

నర్సన్న తన సైకిళ్ల మీద ఎప్పుడూ పేరు వేయలేదు. ఎందుకు వేయవని అడిగితే, "పని చూస్తె తెలవాలె" అనేవాడు. పైగా వెండి రంగు అందని ఆ అడుగున, చుక్కలు మెరూన్ రంగును చీల్చుకుని ఉన్నాయి. అంటే ఆకుపచ్చా మెరూనూ వేశాక ఎప్పుడో పొడిచినవి. నేను అలాగే నేల మీద కూర్చుండిపోయాను.

"ఏమైంది అంకుల్? తబియత్ ఠీక్ హై?" అంది సంధ్య.

"గీ కొసను ఎవరు అతికిండ్రు అన్నా?" అని ఎల్లయ్యను అడిగాను.

"అదా? పదేండ్లయితుంది. మనోడే, నవాగామ్‌ల ఉంటడు. సాంచాల సామాను అతుకుతడు. పేరు... నర్సయ్యనే. అర్ధగంట పని, ఒక పొద్దంత పెట్టుకున్నడు. నేను పోయేటాల్లకు సైకిల్‌ను ఉల్టా ఏసి దాని ముందు ఊకెనే కూసున్నడు. పైసలిస్తె తీస్కోలే. పిచ్చోడనుకున్న."

అప్పుడు అర్థమైంది. పదేళ్ల కిందటే ఆయన మెడ అతుకూ చూశాడు, అరిగిన కొసలూ చూశాడు. నేను దాచాలనుకున్నది దాచాల్సిన మనిషికి పదేళ్ల నుంచి తెలుసు. తెలిసి కూడా ఊళ్లో ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు. చెప్పి ఉంటే నాలుగేళ్ల కింద నా వ్యాసంలో ఆ వాక్యం రాసే ధైర్యం నాకు ఉండేది కాదు.

ఎల్లయ్యకు అప్పుడే మొత్తం చెప్పేశాను. మొదటిసారి నోరు విప్పింది ఒక తెలియని మనిషి ముందు. ఆయన లేచి, పంపు తెచ్చి రెండు చక్రాలకూ గాలి కొట్టాడు.

"నాకెందుకు చెప్తున్నవ్? నవాగామ్ పో. ఆటోల గీటోల ఎక్కించకు, తొక్కుకుంట పో," అన్నాడు.

సంధ్య నాలుగు వేలు తీసుకుని ఫోన్లో దారి చూపించింది, సగం పొట్లం పోంక్ నా సంచిలో పెట్టింది.

నవాగామ్ దాకా

నలభై ఏడేళ్ల వయసులో, లారీల మధ్య, ఆ సైకిల్ మీద పదిహేను కిలోమీటర్లు తొక్కాను. బయల్దేరే ముందు ముందు చక్రం నట్లు మూడుసార్లు చూసుకున్నాను. రోడ్డు మీద గుంతలకు లెక్క లేదు. ప్రతి గుంతలోనూ ఫోర్కు కొద్దిగా వంగి మళ్లీ నిలబడుతున్నది చేతులకు తెలుస్తోంది. అతుకు ఊడుతుందేమోనన్న అనుమానం నాకు ఒక్కసారి కూడా రాలేదు. ఎప్పుడూ రాలేదు కూడా, రేసు రోజు సహా.

డిండోలి వైపు తిరిగాక తెలుగు బోర్డులు మొదలయ్యాయి. మెస్సు, మంగలి షాపు, పెళ్లి సంబంధాల ఆఫీసు. కిళ్లీ కొట్టు దగ్గర ఒకాయన "సిరిసిల్లనా? మాది తంగళ్లపల్లి" అని, నర్సయ్య షెడ్డు దాకా నడిచి వచ్చి చూపించి పోయాడు.

రేకుల షెడ్డు, వెనుక ఒక గది. నర్సన్న స్టూలు మీద కూర్చుని ఏదో మగ్గం ముక్కను ఆకురాయితో రుద్దుతున్నాడు. జుట్టంతా తెల్లబడింది. తల ఎత్తి ముందు సైకిల్‌ను చూశాడు, తర్వాత నన్ను. మాస్కు తీశాను.

"ఎనుక టైర్ల గాలి తక్కువున్నది," అన్నాడు. "శీను గదా?"

"అవునన్నా."

"భుజం మంచిగైందా?"

ఆయన లేచి సైకిల్ అందుకుని, గోడకు ఆనించి, హ్యాండిల్ కింది నాడె కిటికీని బొటనవేలితో ఒకసారి తడిమాడు. "నీకు తెలుసు గదా అన్నా," అన్నాను. "పదేండ్ల కింద చూసిన. అతుకు మంచిగనే ఉండె," అన్నాడు. "గా దినం మంచిగ అన్నం తిన్న. ఒకటి మళ్ల చేద్దామనిపించింది గని, కండ్లు కనపడుతలేవు."

"మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పాలె? ఇన్నేండ్లకు సాకు చెప్తుండు అంటరు. నాకు తెలిసింది, సాలు. లోపట గా ముచ్చట ఎత్తకు. అన్నం తిని పో."

సత్తెమ్మ ఇంట్లో

ఆయన భార్య సత్తెమ్మ మడత మంచం మీద చీరలకు రాళ్లు అతికిస్తోంది. నేనెవరో నర్సన్న చెప్పగానే చేతిలోది కింద పెట్టి లేచింది.

"గా పిలగానివా నువ్వు! పడ్డ పిలగానివి! పానం బాగున్నదా తమ్మీ? ఎన్నిసార్లు యాది జేసుకున్ననో. ఈన చెయ్యబట్టి నీ బతుకు ఆగమాయె."

కూర్చోబెట్టి పళ్లెం పెట్టింది. జొన్నరొట్టె, కోడికూర, పచ్చి పులుసు. చక్కెర లేని పచ్చి పులుసు. రొట్టె వేస్తూనే మాట్లాడింది. ఇంట్లో గిన్నె చెవి ఊడినా, తలుపు గడియ ఊడినా, "నీ అతుకే గదా" అంటుందట. కొడుకు కూడా అదే నేర్చుకున్నాడట. ఒకసారి వియ్యంకుల ముందు అంటే అందరూ నవ్వారట. చెబుతూ తనూ నవ్వింది. "పోరని పానం తీయబోయినవ్, ఇంక సైకిళ్ల జోలికి పోకని నేనే ఒట్టు ఏయించుకున్న. మంచి పని చేసిన గదా తమ్మీ?"

నర్సన్న గడప దగ్గర కూర్చుని తింటున్నాడు. తల వంచుకుని రొట్టె తుంచుకున్నాడు. ఆ తుంచుకోవడం చూస్తే తెలిసింది, ఈ మాటలు ఆయన ఎన్ని వందలసార్లు ఇలాగే తిన్నాడో. పదేళ్లుగా నిజం తెలిసి కూడా.

"ఇంకొక రొట్టె ఎయ్యాల్నా తమ్మీ?" అంది సత్తెమ్మ.

"తిను తమ్మీ," అన్నాడు నర్సన్న, నా మొహం చూసి. "తిను. ఏం మాట్లాడకు."

దారి పొడుగునా నేను కూర్చుకున్న మాటలు వేరే ఉన్నాయి. అన్నీ నర్సన్నకు చెప్పడానికి. ఆయనకు వాటితో పని లేదు. పని ఉన్నది ఈ ఇంట్లో. పళ్లెం పక్కకు జరిపి లేచి నిలబడ్డాను. చెయ్యి ఎంగిలిగా ఉంది, అయినా జోడించాను.

"వదినా, నువ్వు నాకు రొట్టె పెట్టకు, నా మాట విను. అన్న చేసిన అతుకు ఊడలేదు. ఇప్పటికి గూడ ఊడలేదు, బయట సైకిల్ ఉన్నది, వేలు పెట్టి చూడు. ముందు చక్రం నట్లు నేను బిగించలేదు. చక్రం ఊడి పడ్డ. నా పేరు పోతదని అన్న మీదికి నూకిన. సైకిల్‌ను చూడనీయకుండ నేనే దాచిన. నా తప్పుకు అన్న ఆసుపత్రికి వచ్చి నాకే దండం పెడితె, పెట్టించుకున్న. అన్నకు ఈ సంగతి పదేండ్ల నుంచి తెలుసు, నీకు చెప్పలేదు. నువ్వు అన్నను అన్న మాటలన్నీ నన్ను అనాల్సినవి. నీ కొడుకును పిలువు, వానికి గూడ నేనే చెప్త. ఊరికి పోయి ఇదే మాట రాస్త, నా పేరు పెట్టి రాస్త. నర్సన్నా, నీ చేతిల తప్పు లేకుండె. నా చేతిలనే ఉండె. నన్ను మాఫ్ చెయ్యి."